పక్క నెట్‌వర్క్‌కు పెట్టిన ఫిల్టర్

టేకులపల్లిలో నేను నడిపే ఇంటర్నెట్ ఈ వారంలో మూడోసారి ఆగింది. మాతో లైను కలిపిన కొత్తగూడెం రమేశ్ రూటర్, తనవి కాని ఇంటర్నెట్ అడ్రసులకు కూడా "నా మీదుగా రండి" అంటోంది. పాత కంప్యూటర్‌లో నడిచే మా సాఫ్ట్‌వేర్ రూటర్ అది నమ్మి మా డేటానంతా అటే పంపుతోంది, అక్కడ ముందుకు దారి లేక అంతా ఆగిపోతోంది. ఇక ఊరుకునేది లేదని పొద్దున్నే కూర్చుని, అతని సొంత అడ్రసులు తప్ప మరేవీ తీసుకోకుండా ఫిల్టర్ రాశాను. మర్యాదకు ఫోన్ చేసి చెప్పాను.

"మంచిగ చేసినవ్ అన్నా. నీ దిక్కు నుంచి గూడ గట్లనే నీయి కాని అడ్రసులు వస్తుంటే, నేను పోయినేడే ఫిల్టర్ పెట్టిన," అన్నాడు.

"మరి చెప్పలేదేంది?"

"నువ్వు ఫీలయితవని."

సాయంత్రం నుంచి నా రూటర్ బయటికి పంపే అడ్రసులకు ఫిల్టర్ రాస్తున్నాను. పూర్తయ్యేదాకా లేవను. మీ పక్కవాళ్లు కూడా మీకిలా మర్యాదగా అడ్డం పెట్టుకున్నారేమో, ఒకసారి అడిగి చూడండి.