మావాడు బయల్దేరాడు

మా తోడికోడలి నోరు నిద్రలో కూడా మూతపడదు. ఇది ఈర్ష్యతో అంటున్న మాట కాదు, పక్క గదిలో పడుకునే మనిషిగా అంటున్నాను. నేను చిన్నకోడలిగా ఆ ఇంట్లో అడుగుపెట్టిన రోజున, చెప్పులు విప్పేలోపే నా చదువు, నా జబ్బులు, మా అమ్మ జబ్బులు అన్నీ నా చేత చెప్పించేసింది. ఇంత నోటికి తగిన ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందా అని మా బావగారు బెంగపడేవారట. చివరికి లిఫ్టులు బాగుచేసే కంపెనీలో దొరికింది.

ఊళ్లో ఆ కంపెనీ చూసుకునే ప్రతి లిఫ్టులోనూ గోడ మీద ఒక నంబరు అంటించి ఉంటుంది. మధ్యలో ఆగిపోతే లోపలివాళ్లు ఆ నంబరుకి చేస్తారు. అది అక్క బల్ల మీద మోగుతుంది. "అయ్యో, ఇరుక్కుపోయారా? భయపడకండి, నేనున్నాను కదా" అని మొదలుపెడుతుంది. లోపల ఎంతమంది ఉన్నారు, పొద్దున ఏమైనా తిన్నారా, ఇంట్లో ఎవరెవరు ఉంటారు, అన్నీ వరసగా అడుగుతుంది. ఎడమచేత్తో ఫోను పట్టుకుని, కుడిచేత్తో బిల్డింగు పేరు కాగితం మీద గిలికి పక్కనున్న మెకానిక్కుల గది కిటికీలోంచి తోసి, గంట కొడుతుంది. మెకానిక్కు బండి స్టార్టు చేసిన చప్పుడు వినపడ్డాకే "మావాడు బయల్దేరాడు" అంటుంది. ఆ మాట వినగానే అవతలివాళ్లకి పోయిన ప్రాణం లేచొచ్చి ఫోను పెట్టేస్తారు. ఇరుక్కోకపోయినా ఊసుపోక ఆ నంబరుకి చేసే పెద్దావిడ కూడా ఒకావిడ ఉండేది.

ఆ ఫోను ఇంటర్నెట్టు మీద నడిచే రకం, పాతది. మధ్యమధ్యలో గొంతు నీళ్లలోంచి వచ్చినట్టు వచ్చేది. అప్పుడు అక్క ఆ ఫోనుకి తగిలించిన, లైట్లు వెలిగే పెట్టెని ఒక్కటి చరిచేది, అది బుద్ధిగా దారికొచ్చేది. ఇద్దరికీ బాగా కుదిరింది. అంతలో ఆ సర్వీసు ఇచ్చేవాళ్లు పాత వెర్షన్ ఆపేస్తున్నామనీ, అందరూ కొత్తదానికి మారాల్సిందేననీ చెప్పేశారు. వాళ్ల ఇంజినీరు వచ్చి కంపెనీ యజమానికి కొత్తదాని గొప్పలు వివరించాడు. ఫోను ఎవరూ ఎత్తక్కర్లేదట. రికార్డు చేసిన గొంతు "ఇరుక్కుంటే ఒకటి నొక్కండి" అంటుందట. ఒకటి నొక్కితే మెకానిక్కులందరి సెల్‌ఫోన్లూ ఒకేసారి మోగుతాయట. పైగా మాట్లాడిందంతా దానంతట అదే దాచిపెట్టుకుంటుందట.

యజమాని ముఖం వెలిగిపోయింది. "అమ్మా, ఇన్నాళ్లూ గొంతు చించుకున్నారు. ఇక మీరు హాయిగా స్టోరు చూసుకోండి" అన్నాడు అక్కతో. స్టోరంటే నట్లు, బోల్టులు, గ్రీజు డబ్బాలు ఉండే గది. వాటిలో ఒక్కటీ మాట్లాడదు. ఆ సాయంత్రం అక్క ఇంటికొచ్చి మంచినీళ్లు కూడా తాగకుండా కూర్చుంది. నాకు భయం వేసింది. ఆవిడ అరుపులు భరించడం నాకు అలవాటే గానీ, మౌనం అలవాటు లేదు.

"పనిలోంచి తీసెయ్యలేదు కదక్కా, జీతం అదే కదా" అన్నాను.

"రోజంతా ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంటే అది జీతమా, శిక్షా?" అంది.

అయితే కొత్త ఫోనుకి కావలసిన గొంతు మాత్రం ఆవిడదే. ఇంట్లోనే రికార్డు చేసి పంపమన్నారు. చప్పుడు పడకూడదని ఇద్దరం బట్టల బీరువా తలుపులు తెరిచి, వేలాడే చీరల మధ్య తలలు దూర్చాం. ఇంజినీరు ఇచ్చింది ఒక్కటే వాక్యం. అక్క దాన్ని రెండుసార్లు చదివి మూతి తిప్పింది.

"భయంతో వణికిపోతున్నవాణ్ణి పట్టుకుని, పలకరించకుండా ఒకటి నొక్కు అంటామా? వాడేమన్నా మన పాలేరా?"

అందుకని తనెప్పుడూ మాట్లాడినట్టే మాట్లాడింది. జవాబులకి ఖాళీ కూడా వదిలింది. ఆ ఖాళీ సరిగ్గా ఉండాలని, ఇరుక్కున్న మనిషిగా నన్ను నటించమంది. నేను చీరల్లోంచి పెదాలు మాత్రమే కదిలిస్తూ "ఒక్కణ్ణే", "లేదు, తినలేదు" అన్నాను. ఆవిడ తల ఊపి "మంచిది. మావాడు బయల్దేరాడు" అంది. అన్నీ అయ్యాక, చివర్న, మర్యాదగా "సరేనండీ, ఇప్పుడు ఒకటి నొక్కండి" అంది. అద్భుతంగా వచ్చిందని మేమిద్దరం మురిసిపోయాం. యజమాని మొదటి మాట విని "భేష్" అని కట్టేశాడు. పూర్తిగా విన్న పుణ్యాత్ముడు ఒక్కడూ లేడు.

కొత్త వెర్షన్ మొదలైన రోజు మధ్యాహ్నం దాకా మెకానిక్కుల ఫోను మోగలేదు. లిఫ్టులన్నీ ఇవాళ బుద్ధిగా ఉన్నాయనుకుని వాళ్లు క్యారం బోర్డు దించారు. అక్క స్టోర్లో బోల్టులు ఏరుతోంది. యజమాని పంటి డాక్టరు దగ్గరికి వెళ్లి, తిరిగి లిఫ్టులో కిందికి వస్తూ రెండో అంతస్తుకీ మూడో అంతస్తుకీ మధ్య ఆగిపోయాడు. మెకానిక్కుకి నేరుగా చేసుకోవచ్చు. కానీ తన కొత్త సర్వీసు ఎలా పనిచేస్తుందో చూద్దామన్న సరదా పుట్టి, గోడ మీది నంబరుకే చేశాడు. తర్వాతి సంగతి ఆ సర్వీసు దాచిపెట్టింది కాబట్టి ఆఫీసంతా విన్నారు, నేనూ విన్నాను.

"అయ్యో, ఇరుక్కుపోయారా?"

స్టోరుకి పొమ్మన్నా వినకుండా మళ్లీ ఫోను దగ్గరే కూర్చుందన్నమాట అనుకున్నాడు ఆయన. "నేనేనమ్మా" అన్నాడు.

"భయపడకండి, నేనున్నాను కదా. లోపల మీరొక్కరేనా?"

"ఒక్కణ్ణే."

"పొద్దున ఏమైనా తిన్నారా?"

"పన్ను నొప్పమ్మా, ఏం తింటాను?"

"మంచిది. మావాడు బయల్దేరాడు."

ఆయన హమ్మయ్య అని పెట్టేశాడు. ఒకటి నొక్కమనేదాకా ఎవరు ఆగుతారు? ఎవరూ బయల్దేరలేదు. చాలాసేపు చూసి మళ్లీ చేశాడు.

"అయ్యో, ఇరుక్కుపోయారా?"

"ఇందాక చెప్పానుగా!"

"భయపడకండి, నేనున్నాను కదా. లోపల మీరొక్కరేనా?"

"ఇంకెవరుంటారు? మీకు మతిగానీ పోయిందా?"

"పొద్దున ఏమైనా తిన్నారా?"

ఆయన అరిచిన అరుపుకి అక్క గొంతు ఎంతో ఓపిగ్గా "మంచిది" అంది. మావాడు మళ్లీ బయల్దేరాడు. మూడోసారీ అదే వరస. చివరికి అక్క సెల్‌ఫోనుకి చేశాడు.

"అయ్యో, ఇరుక్కుపోయారా సార్?" అంది అక్క, స్టోర్లోంచి.

"అమ్మా, ముందొకటి చెప్పండి. మీరు నిజంగా మీరేనా?"

అక్కకి ఏమీ అర్థం కాలేదు. అయినా బిల్డింగు పేరు అడిగింది, పరుగెత్తి క్యారం బోర్డు మీద ఒక్కటి చరిచింది, మెకానిక్కుని బండెక్కించింది. అప్పుడే "మావాడు బయల్దేరాడు" అంది. ఫోను మాత్రం పెట్టెయ్యొద్దని ఆయనే బతిమాలాడు.

"ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండమ్మా. ఇక్కడ నాలుగు గోడలు తప్ప ఏమీ లేవు. పిచ్చెక్కుతోంది."

"నాకూ పొద్దుట్నుంచీ అలాగే ఉంది సార్" అంది అక్క. "నాలుగు గోడలే. నాకైతే నొక్కడానికి నంబరు కూడా లేదు."

"చెప్పమ్మా" అన్నాడు ఆయన. అక్క చెప్పింది. ఏళ్ల తరబడి ఊళ్లోవాళ్ల కబుర్లన్నీ విన్న మనిషి, మొదటిసారి తన గోడు వినేవాడు దొరికి, అడ్డూ ఆపూ లేకుండా చెప్పింది. మధ్యలో ఏడ్చింది కూడా. నిజం చెప్పాలంటే, ఆ రాత్రి అక్క ఇదంతా చెబుతుంటే నాకూ ఏడుపు ఆగలేదు. ఒకే కప్పు కింద ఉంటూ నేను ఆవిడ మాట ఆపడానికే చూశాను గానీ, ఏనాడైనా "చెప్పక్కా" అన్నానా?

మెకానిక్కు తలుపులు విడదీసేసరికి యజమాని బూట్లు విప్పేసి, గోడకి ఆనుకుని, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. చెవికి ఫోను అలాగే ఉంది.

"సార్, రండి" అన్నాడు మెకానిక్కు చెయ్యి అందిస్తూ.

"నువ్వు ముందు ఆఫీసుకెళ్లి ఆవిడ కుర్చీ తెచ్చి ఫోను దగ్గర వెయ్యి" అన్నాడు యజమాని. "నేను ఈ మాట పూర్తయ్యాక వస్తాను."