చేతులు తిప్పిన మలుపు

డిపోలో అందరూ ఆయన్ని పెద్దాయన అని పిలిచేవారు. వయసును చూసి కాదు, నిదానాన్ని చూసి. పెళ్లయిన ఏడాది డ్రైవరుగా చేరాడు. కూతురికి పెళ్లయ్యాక కూడా ఒకటే రూటు, రైల్వేస్టేషన్ నుంచి మార్కెట్ మీదుగా మిల్లు గేటు దాకా. ఆ దారి ఎప్పుడో ఆయన బుర్రలోంచి జారి చేతుల్లోకి దిగిపోయింది. ఇంట్లో కారుతున్న కుళాయి గురించి ఆలోచిస్తుండగానే కాలు బ్రేకు మీదికి వెళ్లేది, చేయి గేరు మార్చేది. ఒక్కోసారి మిల్లు గేటు ముందు బస్సాపి, "మార్కెట్ ఎప్పుడు దాటామురా?" అని కండక్టరును అడిగేవాడు.

"నన్నడుగుతావేంటన్నా? నడిపింది నువ్వే కదా!"

"ఏమోరా, లోపల ఇంకొకడున్నట్టున్నాడు. పాపం, జీతం కూడా అడగడు."

ఒక సెలవురోజు మధ్యాహ్నం ఆయన భార్య వంటగది గట్టు పట్టుకుని నేలమీద కూలబడింది. గుండెల మీద బండ పెట్టినట్టుందంది. పక్కింటివాళ్ల కారు అడిగి, ఆమెను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి బయల్దేరాడు. తెలియని దారేం కాదు. మార్కెట్ కూడలిలో ఎడమకు తిరిగితే ఆసుపత్రి, కుడికి తిరిగితే మిల్లు.

"కళ్లు మూసుకోకు. ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు" అంటూనే ఉన్నాడు. ఆమె ఊపిరి అందక అవస్థపడుతోంది. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఆయన ప్రాణం లాగేస్తోంది. కళ్లు రోడ్డు మీదే ఉన్నా, మనసంతా పక్క సీట్లోనే ఉంది. కారు మెల్లగా పక్కకు జరిగి ఆగింది. వచ్చేశాం అనుకుని తల తిప్పాడు.

అది బస్టాపు. మిల్లు రోడ్డులో, బస్సు ఆపాల్సిన గీత దగ్గరే సరిగ్గా ఆపాడు. బెంచీ మీద కూర్చున్నవాళ్లు వింతగా చూస్తున్నారు.

భార్య కళ్లు తెరిచింది. "ఇది మీ రూటు కదండీ" అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు. ఆమె మాట్లాడిన ఆఖరి మాట అదే.

వెనక్కి తిప్పి, మార్కెట్ రద్దీలోంచి హారన్ కొట్టుకుంటూ ఆసుపత్రికి చేరేసరికి ఆమె తల వాలిపోయింది.

"ఇంకాస్త ముందు తెచ్చుంటే?" అని అడిగాడు.

"చెప్పలేమండీ" అన్నాడు డాక్టరు.

అవునంటే ఏడ్చేవాడు. కాదంటే ఎలాగో తేరుకునేవాడు. ఈ మాటతో ఎటూ కాకుండా పోయాడు.

మళ్లీ డ్యూటీకి వెళ్లిన రోజు ఆయన తన చేతుల్ని కాపలా కాయడం మొదలుపెట్టాడు. ఇప్పుడు క్లచ్, ఇప్పుడు గేరు అని లోలోపల చెప్పుకుంటూ నడిపాడు. అలా చెప్పుకుంటే ఒక్క పనీ సరిగ్గా జరగలేదు. గేరు పడక కీచుమంది. కూడలి మధ్యలో బస్సు ఆగిపోయింది. వెనక హారన్లు మోగుతుంటే స్టీరింగు పట్టుకుని, ఎటు తిప్పాలో తెలియనట్టు బిగుసుకుపోయాడు. తర్వాత తనే అడిగి టైర్ల షెడ్డుకు మారిపోయాడు.

కూతురు వచ్చి కూర్చున్నప్పుడు ఆ బస్టాపు సంగతి చెప్పాడు.

"నీ మనసంతా అమ్మ మీదే ఉంది నాన్నా. అందుకే చేతులు వాటికి అలవాటైన దారిన పోయాయి."

"అదేనమ్మా. అంత ప్రేమ లేనివాడైతే దారి చూసుకుని నడిపేవాడు."

ఆమె ఆయన చేయి పట్టుకోబోయింది. ఆయన వెనక్కి తీసుకున్నాడు.

ఇప్పుడు షెడ్డులో చక్రాలకు నట్లు బిగిస్తుంటాడు. ఒక బస్సు దగ్గరే చాలాసేపు కూర్చుంటే మేస్త్రీ విసుక్కుంటాడు.

"ఎన్నిసార్లు బిగిస్తావు పెద్దాయనా? ఇందాకే అయిపోయింది కదా!"

"చేతులు బిగించాయి. నేను చూడలేదు" అంటాడు. మళ్లీ స్పానరు తీసుకుని మొదటి నట్టు దగ్గర కూర్చుంటాడు.