తోక విరిచిన బెండకాయలు

సంతోష్‌నగర్‌లో కూరగాయల బండి ముందు అమ్మ బెండకాయ తోక టక్కున విరిస్తే, ఇప్పటికీ నా గుండె ఝల్లుమంటుంది.

నా చిన్నప్పుడు నాన్న పనికోసం మస్కట్‌లో ఉండేవాళ్లం. అక్కడ బెండకాయలు మస్తు పిరం. ముదురువి వస్తే నష్టమని అమ్మ సూపర్‌మార్కెట్‌లో కూడా ఒక్కోదాని తోక విరిచి చూసేది. విరిగితే లేత, మా బుట్టలోకి. వంగితే ముదురు, మళ్లీ ట్రేలోకి.

ఒకరోజు వెనకనుంచి యూనిఫామ్ వేసుకున్న మనిషి వచ్చాడు. "ముట్టుకున్నవన్నీ కొనాల్సిందే" అని హిందీలో గట్టిగా అంటూ, అమ్మ వదిలేసిన ముదురు కాయలన్నీ కవర్లో వేసి తూచి, నల్లగీతల స్టిక్కర్ అంటించాడు. నా కంటికి అతను పోలీసు, ఆ గీతలు జైలు ఊచలు. "ఈడ తప్పు చేస్తె ఇమానమెక్కిచ్చి ఎనక్కి పంపుతరు" అని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు.

"ఏం గాదు బిడ్డా" అంది అమ్మ. నన్ను దగ్గరికి లాక్కుంది. ఆ కాయలకు డబ్బులు సరిపోవాలని నా బిస్కెట్లు వెనక్కి పెట్టేసింది.

ఇంటికొచ్చాక, పోలీసులకు దొరకకూడదని ఆ స్టిక్కర్ పీకి పరుపు కింద దాచాను.

అక్కడున్నన్నాళ్లూ అమ్మ మళ్లీ తోక విరవలేదు. పీచు పీచుగా ఉన్న కూరను ముగ్గురం నమిలేవాళ్లం.

"అన్నీ ఇరిస్తె నేనెవలికి అమ్మాలమ్మా?" ఇప్పుడు సంతోష్‌నగర్‌లో బండిభాయ్ లొల్లి పెడుతున్నాడు.

"ఇర్వకుంటె ఎట్ల తెలుస్తది భాయ్?" అమ్మ నవ్వుతూ ఇంకోటి విరిచింది.

ఎవరైనా వస్తున్నారేమోనని వెనక్కి తిరిగి చూసింది నేనే.