నది దాటితే నేరమయ్యే పిస్తోలు

నా చిన్నప్పుడు జర్మనీలో, స్టుట్‌గార్ట్‌లోని మా ఇంటికి చుట్టాలు చాలామందే వచ్చేవారు గానీ, చూడగానే నాకు ఒళ్ళు మండేది ఒక్క మా మేనత్త భర్తనే. టెక్సస్ నుంచి సెలవులకు వచ్చిన మామయ్యది దిగిన రోజు నుంచీ ఒకటే డబ్బా. అక్కడ లైసెన్సు అడిగే నాథుడే లేడట. నడుముకు పిస్తోలు అందరికీ కనపడేలా పెట్టుకుని సరుకులకు కూడా వెళ్తాడట. "ఓపెన్ క్యారీ అంటారు బావా! మీ దగ్గర కూరగాయల కత్తి పట్టుకుని ఎస్‌బాన్ రైలు ఎక్కినా పోలీసులొస్తారు" అని మా నాన్నను వెక్కిరించేవాడు. నాన్న మర్యాదకు నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఇంకా మంట.

అత్తయ్య మాత్రం నవ్వేది కాదు. వాళ్ళ కారులో వెనక సీట్లో నాలుగేళ్ళ కొడుకు, ముందు సీట్లో ఆ పిస్తోలు. దాన్ని వదిలించుకోమని ఆమె ఎంత మొత్తుకున్నా, చట్టమే ఒప్పుకుంటే నీకేంటి బాధ అని నోరు మూయించేవాడు.

ఒక ఆదివారం భోజనాలయ్యాక అత్తయ్య టీవీ రిమోట్ తీసి ఆయన బెల్టులో దోపింది. "డల్లాస్ నుంచి షికాగో పోదాం, నడవండి" అంది. హాలు టెక్సస్, వంటిల్లు ఓక్లహోమా, నడవా మిజోరీ. పడకగది గడప నది, దాని అవతల ఇల్లినాయి. అక్కడ నన్ను పోలీసుగా నిలబెట్టింది. మామయ్య రొమ్ము విరుచుకుని బయలుదేరాడు. ఓక్లహోమాలో ఎవరూ ఏమీ అనలేదు, మిజోరీలోనూ అంతే. గడప దాటగానే నేను జర్మన్ పోలీసులా "హాల్ట్! ఆగు!" అని అరిచాను. ఇల్లినాయిలో అలా కనపడేలా పెట్టుకుంటే నేరమని, ఎప్పుడు షికాగో వెళ్ళినా ఆ నది మీది వంతెన రాకముందే ఫోనులో చట్టం చదివి, గుళ్ళు తీయించి, డిక్కీలో పెట్టించేది తానేనని అత్తయ్య అప్పుడు చెప్పింది.

అమ్మా నాన్నా పగలబడి నవ్వారు. మామయ్య ముఖం కందగడ్డ అయింది. "చాల్లే, ఆపండిక!" అంటూ చటుక్కున రిమోట్ లాగి నా ముఖానికి గురిపెట్టాడు.

ఉత్త రిమోటే. అయినా నేను తలుపు వెనక్కి నక్కాను. తానేం చేశాడో ఆయనకే తెలియలేదు, ఇంకా కోపంగానే చూస్తున్నాడు.

"నదికి ఇటైనా అటైనా ఇదే చెయ్యి కదండీ" అంది అత్తయ్య. ఆ పిస్తోలు ఇంట్లోంచి పోయేదాకా తనూ బాబూ టెక్సస్ రామంది. మామయ్య నాన్న వైపు చూశాడు, వెనకేసుకొస్తారని. "మా చెల్లి ఇక్కడే ఉంటుంది" అన్నారు నాన్న, ఈసారి నవ్వకుండా. మామయ్య ఒక్కడే విమానం ఎక్కాడు. అమ్మేశానని ఫోన్ చేశాక కూడా అత్తయ్య పెట్టె సర్దడానికి తొందరపడలేదు.

ఇన్నేళ్ళయినా, ఎవరైనా చట్టం తన పక్షాన ఉందని గొప్పలు పోతే ఆ చట్టం ఏమిటో నేను అడగను. కోపమొస్తే ఆ మనిషి చెయ్యి ఎవరి మీదికి లేస్తుందో చూస్తాను.