హాస్టల్ మెస్ వెనక గ్యాసు తొట్టి కోసం తార్నాకకు

తడి చెత్త కుళ్లితే పుట్టే మీథేన్ వాయువును తగ్గించడానికి ప్రభుత్వం ఒక విధానం తయారుచేయించింది. దాని ముసాయిదా రాసే బృందాన్ని నడిపే బాధ్యత నాది. ఆ సోమవారం దాన్ని పై అధికారులకు అప్పగించాల్సి ఉంది. అంతా పూర్తయింది, అట్ట మీద వేయడానికి ఒక ఫొటో మాత్రం మిగిలింది. ఏదైనా పెద్ద ప్లాంటు ఫొటో వేద్దామన్నారు మావాళ్లు. నాకు మాత్రం నేను చదువుకున్న యూనివర్సిటీలో, హాస్టల్ మెస్ వెనక, నా చదువులో భాగంగా దగ్గరుండి కట్టించిన, ఎంగిలి అన్నం, తొక్కలు కుళ్లబెట్టి వంటగ్యాసు తీసే తొట్టి గుర్తొచ్చింది. తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజులవి. అటువైపు వెళ్లి పదేళ్లు దాటింది. శనివారం పొద్దున్నే బయలుదేరాను.

అమీర్‌పేటలో ఆరున్నరకు మెట్రో ఎక్కితే ఏడు దాటకుండానే తార్నాకలో దిగాను. టికెట్ యాభై రూపాయల లోపే. మా రోజుల్లో సికింద్రాబాద్ నుంచి బస్సులో వచ్చేవాళ్లం. లాలాగూడ దగ్గర రైల్వే వర్క్‌షాపు పనివాళ్లు టిఫిన్ డబ్బాలతో ఎక్కి దిగుతుంటే, నేను కిటికీ పక్కన కూర్చుని పుస్తకం ఒళ్లో పెట్టుకుని నిద్రపోయేదాన్ని. మెట్రో దిగి ఒక చిన్న హోటల్లో చాయ్ అడిగాను. స్నేహితురాలితో వన్ బై టూ తాగిన చోటు అదేనేమో అని అటూ ఇటూ చూశాను గానీ, గుర్తుపట్టలేకపోయాను. అక్కడినుంచి క్యాంపస్ గేటు దాకా నడకే. లోపల వాకింగ్ చేసేవాళ్లు, మెట్ల మీద కూర్చుని పోటీ పరీక్షలకు చదువుకునేవాళ్లు. ఒకప్పుడు ఆ రోడ్డుకు అడ్డంగా ముళ్లకంచెలు ఉండేవి. టియర్ గ్యాస్‌కు మండే కళ్లను తడి చున్నీతో అదుముకుంటూ పరుగెత్తింది కూడా ఆ రోడ్డు మీదే.

మాది కర్నూలు. ఉద్యమం రోజుల్లో నేను నోరు విప్పితే చాలు, ఎటువైపు దాన్నో తెలిసిపోయేది. ఎవరూ నన్ను వేలెత్తి ఏమీ అనలేదు. కానీ భోజనాల దగ్గర మాటలు ఆగిపోయేవి. ఒకసారి వరసగా బందులు వచ్చి మెస్ మూసేశారు. సిలిండర్ల బండి లోపలికి రాలేదు. ఊళ్లకు పోలేని ముప్పై మంది దాకా హాస్టళ్లలో మిగిలిపోయాం. ఎలాగోలా పోదామని పెట్టె సర్దుకుని, చెప్పి వెళ్దామని వంటమనిషి యాదక్క దగ్గరికి పోయాను.

“యాదక్కా, నేను ఊరికి పోతాండా” అన్నాను.

“గట్లెట్ల పోతవ్ బిడ్డా? బస్సులే లేవు. ఈ నీ గోబర్ గ్యాసుల ఏం పొయ్యాల్నో, ఎంత పొయ్యాల్నో నాకెట్ల తెల్వాలె? పెట్టె గీడ పెట్టు” అంది.

మెస్ లేదు కాబట్టి తొట్టిలో వేయడానికి ఎంగిలి మెతుకు కూడా లేదు. యాదక్క రెండు బకెట్లు పట్టుకుని తాను ఉండే మాణికేశ్వర్ నగర్‌లో ఇల్లిల్లూ తిరిగి కూరగాయల తొక్కలు, పాచిపోయిన అన్నం అడిగి తెచ్చేది. నేను నీళ్లు కలిపి తొట్టిలో పోసేదాన్ని. ఆ సన్నటి నీలి మంట మీద అందరికీ అన్నం, పప్పు ఉడికేవి. మూడో రోజు బంతిలో కూర్చున్న ఒకబ్బాయి నా మాట విని, “నువ్వు ఆ సైడా?” అని అడిగాడు. నేను కంచం కింద పెట్టేశాను. గరిటెతో వడ్డిస్తున్న యాదక్క ఆగి, “ఈ పిల్ల గ్యాసు మీదనే నీ బువ్వ ఉడికింది. ముందు తిను, తర్వాత అడుగు” అంది. ఆ అబ్బాయి పప్పు గిన్నె నావైపు జరిపాడు.

ఇవన్నీ తలుచుకుంటూ మెస్ వెనక్కి వెళ్లాను. తొట్టి లేదు. ఉన్నచోట మట్టి నింపి, రేకుల షెడ్డు వేసి బైకులు పెట్టారు. వాచ్‌మన్‌ను అడిగితే, “గా తొట్టా మేడం? గదెప్పుడో బందయింది” అన్నాడు. ఫొటో తీయడానికి ఏమీ లేదు.

గేటు బయట ఆటో ఎక్కి మాణికేశ్వర్ నగర్‌కు అన్నాను. డెబ్భై రూపాయలు అడిగాడు. “మెస్‌లో వంట చేసిన యాదక్క తెలుసా?” అంటే, “మా అమ్మతోని పనిచేసింది కదా” అని ఇరుకు సందులో నేరుగా ఆమె గడప ముందే దింపాడు. యాదక్క జుట్టు పూర్తిగా నెరిసింది. నన్ను చూసి చేతిలోని చేట పక్కన పెట్టి, “కర్నూలు పిల్లా!” అని చెంపలు నిమిరింది. పేరు మరిచిపోయినట్టుంది. ఊరు మరవలేదు. జొన్న రొట్టె, పచ్చి పులుసు పెట్టింది.

తింటూ తొట్టి సంగతి అడిగాను.

“నువ్వు పోయినంక ఆర్నెల్లు నడిపిన బిడ్డా. నా పని వంట. తొట్టి కలుపుడు ఎవ్వరి పని? ఏ కాయితం మీద లేదు. కొత్త కాంట్రాక్టరొచ్చి, దీనికి నీకు జీతం రాదు, ఇడిశిపెట్టు అన్నడు. తర్వాత ప్లాస్టిక్ గ్లాసులు గుడ తొట్టిల పడేసిన్రు. మూత పగిలింది. చానా దినాలు గ్యాసు ఊరికె పోయింది.”

గాలిలోకి పోకూడదని నేను కట్టించిన తొట్టే ఆ గ్యాసును గాలిలోకి వదిలిందన్నమాట. “నాకు ఒక్క ఫోన్ చేయకపోతివే యాదక్కా” అన్నాను.

“నీ నంబరు ఏడిది? పోయేటప్పుడు ఇచ్చినవా?” అంది, కోపమేమీ లేకుండా. మార్కులొచ్చిన ఆనందంలో నేను ఆమెకు చెప్పకుండానే వెళ్లిపోయాను. ఆ సంగతి అప్పుడు గుర్తొచ్చింది.

మధ్యాహ్నం తార్నాక స్టేషన్‌లో కూర్చుని ముసాయిదా మళ్లీ చదివాను. యంత్రాలున్నాయి, కొలతలున్నాయి, టెండర్ల నియమాలున్నాయి. రోజూ తడి చెత్త వేరుచేసి, కలిపి, మూత సరిచూసే మనిషి ఎక్కడా లేదు. సోమవారం ముసాయిదాకు బదులు గడువు పెంచమని లేఖ ఇచ్చాను, మాటలూ పడ్డాను. ప్రతి తొట్టికీ పేరుతో ఒక మనిషి, ఆ పనికి జీతం, శిక్షణ ఉండాలని కొత్త అధ్యాయం రాశాం. జీతం మాట పైవాళ్లు రెండుసార్లు కొట్టేశారు, రెండుసార్లూ మళ్లీ పెట్టాను. చివరికి అది నిలిచింది. అట్ట మీద ఫొటో లేకుండానే అచ్చయింది.

చదువుకున్న చోటికి తిరిగి వెళ్తే పాత రోజులు తీపిగానే తగులుతాయి. ఆ రోజులను నేను నా కష్టంగా, నా ధైర్యంగా చెప్పుకుంటూ వచ్చాను. ఆ నీలి మంట ఆరకుండా బకెట్లు మోసింది వేరొకరని ఆ గడప మీద కూర్చున్నాకే ఒప్పుకోగలిగాను. మీరూ ఇలా ఎవరినైనా వెతుక్కుంటూ వెళ్తుంటే ఒక్క మాట: మాణికేశ్వర్ నగర్ సందుల్లో ఫోన్‌లో మ్యాపు పట్టుకుని తిరగకండి. గడపల్లో మనుషులుండే వేళ, పొద్దున పదకొండు లోపు వెళ్లి, ఆ మనిషి పేరు, చేసిన పని చెప్పి అడగండి. గడప దాకా తీసుకెళ్లేవాళ్లు దొరుకుతారు.