ఖలీల్ చాచా చదివించిన కాగితం

నిన్న ముత్తంగి దగ్గర మా కంపెనీ బస్సు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు, పక్క సీటు అమ్మాయి ఫోన్‌లో ఏదో పాట మొదలైంది. మొదటి మాటకు ముందు, పాడే మనిషి ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. ఆ చిన్న చప్పుడుకే ఖలీల్ చాచా గుర్తొచ్చారు. "పాటల ఊపిరి చప్పుడు తీసెయ్యమనొద్దు బేటా. మనిషి పాడుతున్నదని తెల్వాలె" అనేవారు.

పటాన్‌చెరులో ఒక టైలర్ దుకాణం పైన ఆయన రికార్డింగ్ గది. గోడలకు పాత పరుపులు కట్టి ఉండేవి. కింద లారీ హారన్ కొడితే చేయెత్తి మమ్మల్ని ఆపేవారు. సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు ప్యాక్ చేసే నేను సెలవు రోజుల్లో అక్కడికి వెళ్ళేదాన్ని. నేను పాడింది మా అమ్మ కట్టిన పాట. డ్యూటీకి పోయి, ప్రమాదం జరిగి తిరిగిరాని మా అన్న శ్రీను మీద, పొయ్యి ముందు కూర్చుని ఆమె అల్లుకున్న మాటలవి. డోలక్ మా ఆయన నరేష్ వాయించాడు.

పాటలో ఒక ముక్క ఎలా చేరిందో గానీ హైదరాబాద్‌లోని ఒక మ్యూజిక్ కంపెనీకి చేరింది. వాళ్ళ ఛానల్‌ను లక్షల మంది చూస్తారు. సాయంత్రంలోగా ఒప్పుకోవాలని ఫోన్‌కే కాగితం పంపారు. నేనూ నరేషూ పాట ఫైల్ కోసం చాచా దగ్గరికి పరుగున వెళ్ళాం.

"ఫైల్ నీది, ఇస్త. ముందు కాగితం సదువు" అన్నారు చాచా.

కాగితాన్ని ఆయన కంప్యూటర్‌లో తెరిచాం. అంతా ఇంగ్లిష్. ఆయన కళ్ళజోడు సరిచేసుకుని, ఒక్కో వరుస కింద వేలు పెట్టి చదివించసాగారు. కంపెనీ వాళ్ళ నుంచి ఫోన్ మోగుతూనే ఉంది. నరేష్ గదిలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఒక వరుస దగ్గర చాచా వేలు ఆగింది. పాట మాటలు మార్చుకోవచ్చు, ఏ ప్రకటనకైనా వాడుకోవచ్చు, ఎప్పటికీ వెనక్కి అడగకూడదు.

"గింతమంది ఇంటరు చాచా! మనంతట మనం పెడితే ఎవలింటరు?" నరేష్ గొంతు పెరిగింది. నాకూ విసుగొచ్చింది. "జెర జల్దీ చెయ్యి చాచా, టైం లేదు" అన్నాను.

ఆయన మా వైపు చూడలేదు. "మా అబ్బాజాన్ సచ్చిపోయినప్పుడు నేనొక పాట పాడిన. క్యాసెట్ కంపెనీకి సదవకుంటనే సంతకం పెట్టిన. గా పాట సబ్బు ప్రచారంల ఇన్న. పోయి అడిగితే నా సంతకమే సూపిచ్చిన్రు."

నేను అమ్మకు ఫోన్ చేసి విషయం చెప్పాను. అంతా విని ఆమె ఒక్కటే అడిగింది: "మాటలు మారుస్తే మీ అన్న పేరు గుడ తీస్తరా బిడ్డా?"

కంపెనీ మనిషికి వద్దని చెప్పేశాను. "మళ్ళీ పిలవం" అని అతను ఫోన్ పెట్టేశాడు. నరేష్ నాతో వారం రోజులు సరిగా మాట్లాడలేదు. తప్పు చేశానేమోనన్న భయం నాకూ ఉండేది.

మళ్ళీ సెలవు రోజున చాచా మమ్మల్నిద్దరినీ కూర్చోబెట్టారు. పాటలను అన్ని యాప్‌లకూ చేర్చే సంస్థల షరతులు ఒక్కొక్కటే చదివించారు. పాట ఎవరి పేరున ఉంటుంది, మాటలు మార్చే హక్కు ఎవరిది, మనకు వద్దనిపిస్తే తీసేయొచ్చా అని ప్రతిచోటా అడిగారు. మూడింటికీ సరైన జవాబున్న చోటే పాట పెట్టాం. రచయిత గడిలో మా అమ్మ పేరు నరేషే టైప్ చేశాడు.

పాట పెద్దగా పాకలేదు. మొదటి నెలలో విన్నది మా షిఫ్ట్ ఆడవాళ్ళే ఎక్కువ. కానీ భర్తను పోగొట్టుకున్న ఒకామె, పాట విని సంగారెడ్డి నుంచి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, అమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. ఆ రోజు నరేష్ నా వైపు చూసి తల దించుకున్నాడు.

చాచా పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు రుద్రారం కాలేజీ హాస్టళ్ళ నుంచి పాడే పిల్లలు మా ఇంటికి వచ్చి, ఏ యాప్ మంచిదక్కా అని అడుగుతారు. నేను పేరు చెప్పను, షరతుల కాగితం తెచ్చుకొమ్మంటాను. కొందరు విసుక్కుని వెళ్ళిపోతారు. నేనూ ఒకప్పుడు అలా విసుక్కున్నదాన్నే కనుక, వాళ్ళు వెళ్ళాక కూడా తలుపు తీసే ఉంచుతాను.