జీలుగు చెట్టు మీద మంగ్లు

చలి మొదలైతే మా ఊరి మగవాళ్లు పొద్దున్నే జీలుగు చెట్ల కింద చేరతారు. ఎవరి చెట్టు వాళ్లే ఎక్కి గీయాలి, కల్లు మాత్రం అందరూ కలిసి తాగాలి. ఆ ఏడు మంగ్లు చెట్టు కిందికి జనం కల్లు కోసం రాలేదు. మంగ్లు ఎక్కగలడో లేడో చూడటానికి వచ్చారు.

వానాకాలంలో సర్కారువాళ్లు అతణ్ణి ఘాట్ రోడ్డు పనికి తోలుకుపోయారు. కూలి లేదు, రాళ్లు మాత్రం కావలసినన్ని. చలిజ్వరంతో తిరిగొచ్చాడు. జ్వరం పోయింది గాని కండ తిరిగి రాలేదు. అసలే వయసు మళ్లిన ఒళ్లు. పిక్కలు కరిగి చర్మం ఎముకకు అంటుకుంది. పెళ్లినాడు నూనె రాసి ఎక్కించిన దండకడియం మోచేతి దాకా జారుతుంటే, కింద గుడ్డపీలిక చుట్టి గొంగడి కప్పుకునేవాడు. కూర్చుంటే గుంజ పట్టుకోనిదే లేవలేడు. ఎవరైనా చూస్తే గుంజకు చెదలు పట్టిందేమో చూస్తున్నట్టు నటించేవాడు.

ముసలితనమని ఊరుకోవచ్చు. కాని భార్య గంగది మారుమనువు. మొదటి మొగుడు కూడా ఇలాగే చిక్కి చచ్చిపోయాడు. రోగాలకు కారణం చెప్పే మా దిసారికి ఒళ్లు ఎండిందంటే ఒకటే కారణం: ఎవరో చిల్లంగి పెట్టి లోపల్నుంచి తింటున్నారని. మంగ్లును తిన్నది రోడ్డని చెబితే వినేవాడెవడు? చిల్లంగి పేరు పడ్డవాళ్లకు మంత్రం పలకకుండా రాయితో పళ్లు రాలగొడతారు. పై ఊరి కనకమ్మకు అలాగే చేశారు. ఆమె ఈనాటికీ గంజి తప్ప మింగలేదు.

“ఎక్కొద్దు మావా. నాకేటైతే అదవనీ,” అంది గంగ, ఆ పొద్దున.

“ఎక్కకపోతే నీ పళ్లెవులు కాత్తారే? ఎక్కి దిగితే సాలు, నోర్లు మూసుకుంటారు.”

చెట్టు కింద పక్కింటి మంగరాజు పళ్లికిలించాడు. “ఏటి మంగ్లూ, కొత్త పెళ్లికూతురిలాగ ఆ ముసుగేటి?”

“నీకు కల్లు కావాలా, నా ఒళ్లు కావాలా?” అన్నాడు మంగ్లు. అందరూ నవ్వారు. దిసారి నవ్వలేదు.

చెట్టుకు కట్టిన వెదురుకు గణుపు గణుపునా బొడిపెలుంటాయి. అవే మెట్లు. మంగ్లు చేతులతో ఒళ్లంతా లాక్కుంటూ ఎక్కాడు. కుండ విప్పి తాడుతో దింపాడు. జనం కేక వేశారు. గంగ ఊపిరి వదిలింది.

అప్పుడు దిగటానికి కాలు కిందికి చాపాడు. మోకాలు ఆగలేదు. మళ్లీ పైకి లాక్కున్నాడు.

“బేగి దిగు! ఏటి సేత్తన్నావక్కడ?” అని కింద నుంచి కేకలేశారు.

గాలి లేకుండానే వెదురు టకటక కొట్టుకుంటోంది. ఒక చెయ్యి వదిలి కాలు సవరించుకోబోయాడు. పీలిక ఊడి, కడియం చేతినుంచి జారి బండ మీద పడి మోగింది.

దిసారి దాన్ని ఎత్తి తిప్పి చూశాడు. తర్వాత గంగ వైపు చూశాడు.

గంగ వెనకాలే అడవిబాట ఉంది. పారిపోవచ్చు. ఆమె చీర బిగించి వెదురు ఎక్కింది. ఆడది ముడితే జీలుగు ఎండిపోతుందని మావాళ్ల నమ్మకం. ఎవరో వద్దని అరిచారు. ఆమె అతని పాదాన్ని తన భుజం మీద పెట్టుకుంది.

“నా మీద మోపు మావా. కిందకి సూడకు.”

“పడిపోతామే గంగీ.”

“పడితే ఇద్దరం.”

ఒక్కొక్క బొడిపే దిగారు. నేల మీద మంగ్లు నిలబడలేక కూలబడ్డాడు. కుండను ఎవరూ ముట్టలేదు.

“సూసారా?” అన్నాడు దిసారి మెల్లగా. “అంత మనిషిని బక్క ఆడది మోసీసింది. ఆడి బలం ఎక్కడికెల్లిందో తెలిసిందా?”

మంగరాజు రాయి కోసం వంగాడు. గంగ అతని వైపు చూసింది. అంతే, రాయి వదిలేసి వెనక్కి జరిగాడు. వాళ్లందరికీ ఆమె అంటే అంత భయం పుట్టింది. ఆ భయమే ఆమెకు దారి విడిచింది.

మొగుణ్ణి వీపున ఎత్తుకుని టైడా ఊరి వైపు లోయలోకి దిగిపోయింది. గంగ ఒక్కసారీ వెనక్కి తిరగలేదు. సన్నబడ్డ కాళ్లు ఆమె నడుముకు రెండు పక్కలా వేలాడుతుంటే, మంగ్లు మాత్రం మెడ తిప్పి మలుపు దాకా మమ్మల్నే చూస్తూ పోయాడు, ఎవరైనా వెంట వస్తున్నారేమోనని.